ఇట్లు, మీ పరిమళ

ఆ ఉదయం వినోదిని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మాధవరంలో బస్సెక్కి, పొన్నేరి అవతల పల్లెలో ఉన్న మేనమామ కూతురు పరిమళ ఇంటికి వెళ్ళాలి. పరిమళ చేత ఒక చిన్న వీడియో చేయించాలి. ఆమె అత్త చెల్లమ్మ వండే చేపల పులుసుతో భోంచేసి, సాయంత్రానికల్లా మైలాపూరులోని ఆఫీసుకు తిరిగి చేరాలి. ఇందులో ఎవరికైనా కష్టం కలిగే అవకాశం ఎక్కడా కనిపించలేదు.

వినోదిని వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి పాల కాలనీలో క్యాన్లు మోసి చదివించాడు. బంధువుల్లో ఎవరికి రేషను కార్డు పని పడినా, కరెంటు బిల్లు ఎక్కువొచ్చినా అర్జీ రాసిపెట్టేది ఆమే. శ్రద్ధగా, తప్పుల్లేకుండా రాసేది. ఆ అలవాటు కొద్దీ ఆమె ఏం రాసినా అర్జీలాగానే ఉండేది. ఇప్పుడు ఒక చిన్న ప్రకటనల కంపెనీలో తెలుగు మాటలు రాసే ఉద్యోగం చేస్తోంది.

పరిమళ సంగతి వేరు. పదో తరగతితో చదువు ఆపేసింది. భర్త బాబు ఎన్నూరు రేవులో కంటైనర్ లారీ తోలుతాడు. వారంలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. ఇంట్లో మిగిలేది అత్త, పళ్ళు రాబోతున్న పాప ప్రణతి, ఒక ఫోను. పరిమళ ఆ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి, పాపను చంకనేసుకుని, పొయ్యి ముందు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. పేరు కోసం కాదు, మాట్లాడటానికి ఇంకెవరూ లేక. కొన్ని నెలలు తిరిగేసరికి ఎన్నూరు నుంచి నెల్లూరు, చిత్తూరు దాకా వేలమంది ఆడవాళ్ళు ఆ పొయ్యి చుట్టూ చేరారు.

ఆమె వాళ్ళను ఫ్రెండ్స్ అని ఏనాడూ అనలేదు. కామెంటులో పేరు చూసి వరస కట్టేసేది. కుర్రపిల్ల అనిపిస్తే చెల్లి, కొంచెం గదమాయిస్తే అత్త. "ఎన్నూరు వాసవాంబ పిన్నమ్మా, మోకాలు ఎట్లుంది? నువ్వు చెప్పిన వాము నీళ్ళు పాపకి పోస్తిని, కడుపు నొప్పి తగ్గిపోయింది. సూళ్ళూరుపేట వదినా, మీ ఆయన అలక తీరిందా లేదా?" ఇలా సాగేది. చివర్లో పాప ముఖం దగ్గరగా చూపించి, తప్పకుండా ఒక మాట అనేది: "చూసినోళ్ళంతా మూడుసార్లు థూ అనేసి పోండి. చుమ్మా ఊరికే చూసి పోతే నేను ఊరుకోను." కింద వందల కొద్దీ థూ థూ థూలు వచ్చి పడేవి. ఇన్ని కళ్ళు పడిన బిడ్డకు దిష్టి ఆ కళ్ళే తీసిపోవాలని చెల్లమ్మ పెట్టిన షరతు. ఆ షరతు మీదే కోడలికి ఫోను ముందు కూర్చోవడానికి అనుమతి దొరికింది.

వినోదిని వెంట తెచ్చింది పసిపిల్లలకు పెట్టే రాగి జావ పొడి ప్యాకెట్టు. పేరు చిన్నిగిన్నె. తయారుచేసేవాళ్ళు బొంబాయివాళ్ళు. వీడియోకు కావలసిన మాటలు ఆమే రాసింది. మొదటి వాక్యం "ప్రియమైన తల్లులారా" అని ఉంది.

పరిమళ కాగితం చూసి తల గోక్కుంది. "తల్లులారా అంటే మన అవ్వలు ఏం కావాల వదినా? నన్ను చూసేది సగం మంది వాళ్ళే."

"ఈ ఒక్కసారికి చదివేయవే. క్లయింటు అట్లనే కావాలంట."

"సరి. నువ్వు చెప్తే సరిగానే దా ఉంటాది. చదువుకున్నదానివి."

పరిమళ ఆ మాట వెటకారంగా అనలేదు. తర్వాతి రోజుల్లో అది గుర్తొచ్చినప్పుడల్లా వినోదినికి కష్టంగా తోచింది అందుకే.

వీడియో మొదలైంది. పరిమళ బడిలో పాఠం అప్పగించినట్టు చదివింది. చెల్లమ్మ గడప దగ్గర చేపలు తోముతూ, "ఏమ్మే, వార్తలు చదువుతా ఉండావా? ఎవరు పోయినారు?" అని అడిగింది. ఆ ముక్క కత్తిరించారు. అన్నీ అయ్యాక, కాగితంలో లేకపోయినా, పరిమళ అలవాటు కొద్దీ పాప ముఖం చూపించి మూడుసార్లు థూ అనేసి పొమ్మంది. అది బాగానే ఉందనిపించి వినోదిని ఉంచేసింది. పులుసు కూడా బాగానే ఉంది.

మర్నాడు బొంబాయి నుంచి ఫోను వచ్చింది. కంపెనీ యజమాని వెంకట్రామ్ వినోదినిని తన గదిలోకి పిలిచి స్పీకరు పెట్టాడు. వెంకట్రామ్ తాతముత్తాతలు మింట్ వీధిలో పప్పుల టోకు వ్యాపారులు. ఆ గది తలుపు మీద దిష్టి గుమ్మడికాయ వేలాడుతోంది. కంప్యూటరు పక్కన నిమ్మకాయ, పచ్చిమిరపకాయల దండ. వాటి నడుమ కూర్చుని ఇద్దరూ క్లయింటు మేడం మాటలు విన్నారు.

కామెంట్లను చదివి వాటి భావం తేల్చే యంత్రం ఒకటి వాళ్ళ దగ్గర ఉందట. ఆ వీడియో కింద వచ్చిన వాటిలో దాదాపు అన్నీ అసహ్యం అని అది తేల్చిందట. మా జావ మీద ఈ ఆడవాళ్ళకు ఇంత ద్వేషం ఎందుకు అని మేడం అడుగుతోంది.

వెంకట్రామ్ స్పీకరు నోరు నొక్కాడు. "నువ్వు చెప్పమ్మా, అది దిష్టి అని."

"మీరు చెప్పండి సార్. మీకు ఇంగ్లీషు బాగా వస్తాది."

"ఏమని చెప్పేది? ప్రేమగా ఉమ్ముతా ఉండారు అనా? పసిబిడ్డల తిండి అమ్మే కంపెనీకి?"

ఇద్దరూ ఒకసారి గుమ్మడికాయ వైపు చూశారు. అది నాలుక బయటపెట్టి చూస్తోంది.

మేడం ఈసారి వినోదినిని పేరు పెట్టి అడిగింది. మీరు ఆ ప్రాంతం మనిషే కదా, ఆ శబ్దం మంచిదా, చెడ్డదా? వినోదినికి వాళ్ళ అవ్వ గుర్తొచ్చింది. తాను పరీక్ష రాయడానికి బయల్దేరిన ప్రతిసారీ అవ్వ తన బుగ్గలు నిమిరి, ముఖం పక్కకు తిప్పి థూ థూ థూ అనేది. ఆ తడి తుంపర ఒక చుక్క చెంప మీద పడేది. అది చెప్పాలంటే ఇంగ్లీషు చాలదని కాదు. చెబితే మా వాళ్ళంతా మురికి మనుషులని అనుకుంటారేమోనని నోరు రాలేదు.

"శుభ్రం చేయిస్తాం మేడం," అంది.

శుభ్రం చేసే పని కూడా ఆమెకే వచ్చింది. ఫలానా మాట కనిపిస్తే కామెంటు దానంతట అదే మాయమయ్యే ఏర్పాటు మేడం వాళ్ళ దగ్గర ఉంది; పరిమళ పేజీ నడిపే అనుమతి కాంట్రాక్టుతోనే వాళ్ళకు వచ్చింది. మాటలు ఏవేవో చెప్పాలి. వినోదిని ఏ పనీ సగం చేసే మనిషి కాదు. థూ, థు, తూ, త్తూ అని తెలుగులో, ఆపైన తమిళంలో, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ ఆలోచించి పంపింది. మాయమైన కామెంటు రాసినవాళ్ళకు ఒక జవాబు కూడా వెళ్ళాలన్నారు. అదీ రాసింది.

"ఆత్మీయ వీక్షకులకు మనవి. మీ వ్యాఖ్య మర్యాద పరిధిని అతిక్రమించినందున దానిని తొలగించడమైనది. ఇకపై సభ్యత పాటించగలరు. ఇట్లు, మీ పరిమళ."

'మీ' అన్న మాట తర్వాత చేర్చింది. కాస్త ఆప్యాయంగా ఉంటుందని.

రెండో రోజుకే ఫలితం కనిపించింది. పరిమళ పేజీలో ఒక్క థూ లేదు. మిగిలినవన్నీ మెచ్చుకోళ్ళు. పాప ఎంత ముద్దుగా ఉందో. బుగ్గలు చూడండి, వెన్నముద్దలు. ఇంత అందమైన బిడ్డను మేం చూడలేదు. మేడం సంతోషించింది. వెంకట్రామ్ వినోదినికి ఫిల్టరు కాఫీ తెప్పించాడు.

పల్లెలో మాత్రం చెల్లమ్మ కోడలి చేత ఆ కామెంట్లు చదివించుకుని మంచం మీద కూలబడింది. పొగిడినవాళ్ళే దిష్టి తీసి పోవాలి. ఇప్పుడు పొగడ్త ఉంది, తీయడం లేదు. విషం ఉంచి విరుగుడు ఎవరో ఎత్తుకెళ్ళినట్టుంది. సరిగ్గా అప్పుడే పాప అన్నం మానేసింది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది.

ఆమె వినోదినికి ఫోను చేసింది. "ఏమ్మా, మీ కంపెనీ వచ్చినాకనే దా ఇట్ల అయింది. ఇంతమంది చూస్తా ఉండారు, ఒక్క ఆడది నోరు తెరిచి థూ అనదే. అందరి నోళ్ళు ఎండిపోయినాయా?"

"పళ్ళు వస్తా ఉంటాయి అత్తా. పిల్లలకి అప్పుడు ఒళ్ళు వెచ్చబడుతుందంట."

"పళ్ళు మా ఇంట్లో అందరికీ వచ్చినాయి. నాకు తెలీదా?"

పరిమళ ఫోను అందుకుని మెల్లగా అడిగింది. "వాళ్ళకి నా మీద ఏం కోపం వదినా? వాసవాంబ పిన్నమ్మ కూడా ఏం రాయలే. నేను ఏమన్నా తప్పుగా మాట్లాడితినా? తల్లులారా అంటిని, దానికా?"

అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. వినోదిని చెప్పలేదు. ఈ వారం గడిచాక తీయించేద్దాంలే అనుకుని, "అదేం లేదులేవే" అంది.

అక్కడ ఎన్నూరులో వాసవాంబ ఫోనుకు ఆ జవాబు వచ్చి మూడు రోజులైంది. ఆమె బడిలో నేర్చింది తమిళం. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు; కామెంట్లు కూడా తమిళ అక్షరాల్లోనే పెట్టేది. తెలుగు అక్షరాల్లో ఇంత పొడుగు సందేశం ఎప్పుడూ రాలేదు గనక, ఏదో కోర్టు సంగతనుకుని భయపడింది. వాళ్ళ వీధిలో తెలుగు చదవగలిగినవాడు ఆంటో అనే కుర్రవాడు ఒక్కడే. ఆటో తోలుతాడు, ఆదివారాలు చర్చిలో తెలుగు బైబిలు చదువుతాడు. అతనికి చదవడమంటే ఒకే ఒక గొంతు తెలుసు. ఆ గొంతుతోనే, ఆటో పక్కన నిలబడి, ఒక్కో మాట ఆపి ఆపి చదివాడు. "మీ వ్యాఖ్య... మర్యాద పరిధిని... అతిక్రమించినందున..." కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి విన్నారు. ఎవరో చివర్లో ఆమెన్ కూడా అన్నారు.

"అంటే ఏందిరా?" అంది వాసవాంబ.

"నీకు మర్యాద లేదంట పెద్దమ్మా. ఇకమీద నేర్చుకోమంటా ఉంది."

"ఎవరు?"

"పరిమళ."

వాసవాంబ ఫోను వెనక్కి తీసుకుంది. ఆమెకు పిల్లలు లేరు. రోజూ ఒకతి ఫోనులోంచి పిన్నమ్మా అని పిలిచి మోకాలు ఎలా ఉందని అడగడం ఈ వయసులో అనుకోకుండా దొరికిన సంగతి. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆమె పక్కింటివాళ్ళకు ఫోను చూపించేది, "నన్నే" అని.

అంతలో మేడం ఇంకో కోరిక కోరింది. పేజీ శుభ్రపడింది గనక ఈసారి లైవు చేద్దామంది. పాప జావ తాగుతుంటే బొంబాయిలో అందరూ కూర్చుని చూస్తారట. వినోదిని మళ్ళీ పొన్నేరి దారి పట్టింది. వీడియోకు వాడే గుండ్రటి దీపం, కొత్త ప్యాకెట్లు, కొత్త కాగితం అన్నీ తీసుకుంది. దారిలో పరిమళకు నిజం చెప్పాలనుకుంది. లైవు అయ్యాక చెబుదామని వాయిదా వేసింది.

లైవు మొదలైంది. పరిమళ కాగితం చూసి నమస్కారం పెట్టి, మొదటి చెంచా పాప నోట్లో పెట్టింది. ప్రణతి ఒక క్షణం ఆలోచించి, దాన్ని శుభ్రంగా ప్యాకెట్టు మీదికి ఉమ్మింది. రెండో చెంచా అంతకన్నా దూరం వెళ్ళింది. మామూలు రోజైతే కింద అత్తలూ పిన్నమ్మలూ చేరి, చక్కెర ఎక్కువైందనో, మీ ఆయనకు పెట్టమనో నవ్వి గట్టెక్కించేసేవాళ్ళు. ఆ జవాబు అందుకున్న వాళ్ళెవరూ ఆ రోజు కింద లేరు. ప్రపంచం మొత్తం మీద థూ అన్నది పాప ఒక్కతే. ఆమెను మాయం చేసే ఏర్పాటు వినోదిని దగ్గర లేదు.

సరిగ్గా అప్పుడు గుమ్మం ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. వీడియోల్లో విన్న ఊరి పేరుతో దారి అడుగుతూ వచ్చిన వాసవాంబ, మోకాలు పట్టుకుని దిగింది. వెనక ఆంటో.

పరిమళ ఆమెను అంతకు ముందు చూసింది లేదు. ఐనా చూడగానే, "పిన్నమ్మా, మోకాలు పెట్టుకుని ఇంత దూరం ఎట్ల వచ్చినావు?" అంటూ లేచింది.

వాసవాంబ గడప దాటలేదు. "నేను మర్యాద లేనిదాన్ని అమ్మా. లోపలికి రాను. ఆంటో, చదువు నాయనా."

ఆంటో గొంతు సవరించుకుని చదివాడు. ఆత్మీయ వీక్షకులకు మనవి నుంచి ఇట్లు మీ పరిమళ దాకా. లైవు నడుస్తూనే ఉంది. దాన్ని ఆపాలన్న సంగతి వినోదినికి తోచలేదు.

"ఇది నేను రాయలే పిన్నమ్మా," అంది పరిమళ. "నాకు ఈ మాటలే తెలీవు."

"నీ పేరే దా ఉంది."

పరిమళ నెమ్మదిగా వినోదిని వైపు తిరిగింది.

"నేనే రాసినా," అంది వినోదిని.

వాసవాంబ ఆమెను తేరిపార చూసింది. "నువ్వా తల్లీ? బాగా రాసినావు. మా వీధిలో ఎవరికీ అంత మర్యాదగా తిట్టను రాదు."

ఆ తర్వాత ఆమె కొంగు ముడి విప్పింది. తగవుకు వస్తూ కూడా ఉప్పు, ఎండుమిరపకాయలు కట్టుకొచ్చింది. పాపకు ఒళ్ళు బాగాలేదని ముందటి వీడియోలో పరిమళ అన్నది ఆమె విన్నది. గడప బయటి నుంచే పాప చుట్టూ తిప్పి, ముఖం పక్కకు తిప్పి మూడుసార్లు థూ అంది. చెల్లమ్మ ఏడుస్తూ అవి అందుకుని పొయ్యిలో వేసింది. ఘాటు గదంతా కమ్ముకుంది. అందరూ దగ్గడం మొదలుపెట్టారు. ఆంటో దగ్గాడు, పరిమళ దగ్గింది, పాప దగ్గింది. దీపం వెలుగులో, చిన్నిగిన్నె ప్యాకెట్ల నడుమ, జావ గిన్నె చుట్టూ చేరిన మనుషులంతా ఊపిరాడక దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ ఉండటం బొంబాయిలో అందరూ చూశారు.

కాంట్రాక్టు ఆ సాయంత్రమే రద్దయింది. వెంకట్రామ్ పెద్దగా తిట్టలేదు. "గుమ్మడికాయ మార్చాల," అన్నాడు అంతే. వినోదిని ఆయన్ను అడిగింది ఒకటే: ఆ మాయం చేసే ఏర్పాటు తీసేయించమని. మేడం వాళ్ళకు రాశానని, తీసేశారని ఆయన చెప్పాడు.

కొన్ని వారాలు గడిచాక వినోదిని మళ్ళీ పల్లెకు వెళ్ళింది. ఈసారి కాగితాలేమీ పట్టుకెళ్ళలేదు. పరిమళ ఎప్పటిలాగే వదినా అని పిలిచి కూర్చోబెట్టింది. కాఫీ ఇచ్చింది. చదువుకున్నదానివి అన్న మాట మాత్రం అనలేదు. ఆ మాట కోసం తాను ఎదురుచూస్తున్నట్టు వినోదినికి అప్పుడే తెలిసింది.

బియ్యం డబ్బా దగ్గర ఫోను ఉంది. పరిమళ మళ్ళీ మాట్లాడుతోంది, తన మాటల్లోనే. జరిగిందంతా చెప్పి క్షమించమని కూడా అడిగిందట.

"వస్తా ఉండారు వదినా. చూస్తా ఉండారు. కూర బాగుందంటారు, చీర బాగుందంటారు. థూ అని మాత్రం ఎవరూ అనటం లేదు. అడిగినా అనరు. మనసులో కోపం ఇంకా ఉండాది పోలుంది. వాసవాంబ పిన్నమ్మ ఒకతే రోజూ ఫోను చేసి పాప చెవిలో అంటాది."

అంటుండగానే ఫోను మోగింది. చెల్లమ్మ దాన్ని పాప చెవికి ఆనించింది. అవతలి నుంచి థూ థూ థూ అని మూడుసార్లు వినపడింది. ఆ తర్వాత మోకాలి కబుర్లు మొదలయ్యాయి. పాప నవ్వింది. కింది చిగుళ్ళలో బియ్యపు గింజంత తెల్లగా పన్ను కనిపించింది.

"ఎంత ముద్దుగా ఉందో," అంది వినోదిని.

చెల్లమ్మ చేతిలో పని ఆపి ఆమెనే చూస్తూ ఉండిపోయింది. వినోదినికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. వంగి, పాప బుగ్గలు నిమిరి, ముఖం పక్కకు తిప్పి థూ థూ థూ అంది. ఎన్నాళ్ళకో అనడం వల్ల నోరు సరిగా తిరగలేదు. చెల్లమ్మ తృప్తిపడి చేపల దగ్గరికి పోయింది.

తిరుగు బస్సులో వినోదిని పరిమళ పేజీ తెరిచింది. వీళ్ళందరికీ ఇంకా కోపం తీరలేదన్న మాట మనసులో నలుగుతోంది. ఎవరో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళూ అంటారు కదా అనిపించింది. ఇన్నాళ్ళుగా ఆ పేజీలో తాను సొంతంగా ఒక్క మాటా రాయలేదు. పాప కొత్త పన్ను చూపించిన వీడియో కింద, అర్జీ మాటలేవీ లేకుండా, మూడుసార్లు థూ అని రాసి పంపింది.

కామెంటు ఒక క్షణం కనిపించి మాయమైంది. ఫోను చిన్నగా మోగింది. ఆత్మీయ వీక్షకులకు మనవి అని మొదలై, ఇట్లు మీ పరిమళ అని ముగిసే జవాబు ఆమెకు వచ్చింది. వాళ్ళు తీసేయలేదు. ఈ వారాలన్నీ కోపం మరిచి తిరిగొచ్చి థూ అన్న ప్రతి పిన్నమ్మకూ, ప్రతి వదినకూ మళ్ళీ మళ్ళీ ఇదే వెళ్ళింది.

మాధవరం వచ్చేదాకా ఆమె దాన్ని చదువుతూనే ఉంది. ఒక్క తప్పు కూడా లేదు.